అన్న గిర్ని, అవ్వ రేడియో

పొద్దున చాయ్ తాగడం అయిన కాసేపటికి బోధన్‌లోని మా వీధిలో గిర్నీలు మొదలయ్యేవి. ముందు ఎదురింట్లో, తర్వాత మూలమీది ఇంట్లో, ఆ తర్వాత ఎవరిది ముందో ఎవరిది వెనకో తెలిసేది కాదు. గిర్ని అంటే పెద్ద పిండిమర అనుకోకండి. వంటింటి గట్టుమీద పట్టేంత మిషను. జొన్నలు పోస్తే పిండి, మిరపకాయలు పోస్తే కారం, ఎండి గట్టిపడిన పసుపు కొమ్ములు పోస్తే మెత్తటి పసుపు వస్తుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో వాటిని తయారుచేసేది మా అన్న. వీధిలో అన్న గిర్ని లేని వంటిల్లు దాదాపు లేదు. ఆ సంగతి అన్నకు ఎంత గర్వమో, అవ్వకు అంత మంట.

అవ్వ అంటే మా అమ్మ. మా వైపు తల్లిని అట్లాగే పిలుస్తాం. కంటి నరం దెబ్బతిని ఆమెకు చూపు పోయింది. డాక్టర్లు ఇక లాభం లేదన్నాక అవ్వ ఏడవలేదు. మంచం పక్కన గూట్లో ఉన్న పాత రేడియోను దింపించి, దుమ్ము తుడిపించి, తలగడ దగ్గర పెట్టించుకుంది. మీడియం వేవ్‌లో హైదరాబాద్ స్టేషను మా దాకా వచ్చేసరికి సన్నబడిపోతుంది. కింద నుంచి ఏదో మరాఠీ పాట లీలగా వినపడుతూ ఉంటుంది. అయినా అవ్వ ముల్లును ఎక్కడ ఆపాలో వేలితో తెలుసుకుంది. వార్తలు, వాతావరణం, రైతుల కార్యక్రమం, మందుల గురించి మాట్లాడే డాక్టరమ్మ, ఇవన్నీ ఆమెకు చుట్టాలు. వాళ్లతో వాదన పెట్టుకునేది. ధరలు చెబుతుంటే "అబద్ధం, మా దగ్గర గంత లేదు" అని కసిరేది.

గిర్నీలు మొదలైతే ఆ చుట్టాలందరి గొంతూ పోయేది. బర్ర్ మని ఒకటే రొద. అవ్వ ముల్లు అటు తిప్పేది, ఇటు తిప్పేది, రేడియోను ఒళ్లోకి తీసుకునేది, చివరికి విసిగి మంచంమీద బోర్లించేది.

"గా ఆడిమనిషిని మాట్లాడనిస్తలేరు బిడ్డా," అనేది నాతో. "ఎవ్వరో నోరు మూస్తున్నట్టు గొడుతున్నది."

అన్న చెడ్డవాడు కాదు. తల్లి బాధ చూడలేక ఒక చిన్న స్పీకరు తెచ్చాడు. అందులో భజనలు, పాత పాటలు, కథలు కుక్కి ఉన్నాయి. అవ్వ రెండు పూటలు విని తిరిగి అన్న చేతికిచ్చింది.

"గిది జెప్పిందే జెప్తది," అంది. "రేడియో ఇయ్యాల్టిది జెప్తది."

ఆ మాట విన్నప్పుడు నాకు అన్నమీద కంటే నా చదువుమీద ఎక్కువ కోపం వచ్చింది. ఎందుకంటే ఆ రొద ఏమిటో, ఎక్కడ పుడుతుందో, ఎట్లా ఆపాలో ఆ ఇంట్లో తెలిసిన మనిషిని నేనే. హైదరాబాద్ శివార్లలో ఒక టెస్టు ల్యాబులో చాలా ఏళ్లు పనిచేశాను. మిక్సీలు, ఫ్యాన్లు, వాషింగ్ మిషన్లు మా దగ్గరికి పరీక్షకు వచ్చేవి. విద్యుదయస్కాంత అనుకూలత అని పూర్తి పేరు పలికితే అన్న పగలబడి నవ్వుతాడు కాబట్టి ఇంట్లో ఇఎంసీ టెస్టు అంటాను. విషయం మాత్రం ఎవరికైనా అర్థమయ్యేదే. ఒక మిషను తన పని చేసుకుంటూ పక్కదాని పని చెడగొట్టకూడదు. పక్కది కాస్త అల్లరి చేసినా తాను చెడిపోకూడదు. మనుషులకు ఇరుగుపొరుగు మర్యాద ఉన్నట్టే మిషన్లకూ ఉండాలి, అంతే.

అన్న గిర్నీకి ఆ మర్యాద లేదు. అందులో మిక్సీలో ఉండే రకం మోటారు ఉంటుంది. తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు, బ్రషులంటారు, రాసుకున్నప్పుడల్లా సన్నటి నిప్పురవ్వలు లేస్తాయి. ఒక్కో రవ్వా ఒక చిన్న రేడియో స్టేషను, భాష లేని స్టేషను. ఆ రొద మోటారు నుంచి వైరులోకి, వైరు నుంచి గోడలోకి, గోడ నుంచి వీధి తీగల్లోకి పాకి అవ్వ తలగడ దగ్గర తేలుతుంది. పసుపు కొమ్ములు పోసినప్పుడు మోటారు బలంగా లాగాలి కాబట్టి రవ్వలూ ఎక్కువే. దీన్ని ఆపడానికి ఫిల్టరని ఒక చిన్న డబ్బా ఉంటుంది. అది వైరు మొదట్లో కూర్చుని రొదను బయటికి పోనివ్వదు. కొంత తానే మింగుతుంది, మిగిలింది మిషను ఇనుప ఒంటిమీదుగా భూమిలోకి పంపేస్తుంది. అన్న గిర్నీల్లో ఆ డబ్బా లేదు. ఖర్చని పెట్టలేదు.

నేను ఉద్యోగం వదిలి ఇంటికొచ్చి షెడ్డులో అన్నతో పాటు పని మొదలుపెట్టిన కొత్తలో ఫిల్టరు మాట ఎత్తితే ఆయన చేయి ఊపేశాడు.

"గీ కాలంల రేడియో ఎవడింటున్నడే చెల్లె?"

"మన అవ్వ ఇంటున్నది."

"ఒక్క అవ్వ కోసం మిషన్లన్ని మారుస్తమా?"

"ఒక్క అవ్వ అయితేంది? నోరు లేని మిషను కోసం నోరున్న మనిషి సప్పుడు జెయ్యకుంట ఉండాలెనా?"

ఆ వాదన ఎటూ తేలలేదు. తేల్చింది నిజామాబాద్ సేటు. టౌనులో పెద్ద దుకాణం ఉన్న ఆ సేటు అన్న గిర్నీలను చూసి ముచ్చటపడి, తన దుకాణంతో పాటు నాందేడ్ వైపు కూడా అమ్ముతానని షెడ్డుకొచ్చాడు. మాకు అంత పెద్ద ఆర్డరు అంతకుముందెప్పుడూ రాలేదు. ఒకటే షరతు. కొనేవాళ్లు సర్టిఫికెట్ అడుగుతున్నారు, ఇఎంసీ టెస్టు పాసవ్వాలి. నా గుండె ఎగిరి గంతేసింది. ఆ వెంటనే సేటు ఉపాయం కూడా చెప్పాడు.

"పరేషాన్ గావొద్దు. ఒక్క మిషన్ మంచిగ డబ్బా గిబ్బా పెట్టి, రంగేసి టెస్టుకు పంపుండ్రి. పాసయితది. టెస్టు మిషన్ వేరే, అమ్ముడు మిషన్ వేరే. అందరు జేసేదే గది."

అన్న నా వైపు చూడకుండా తల ఊపాడు. నా ఒళ్లు మండిపోయింది.

"సేటూ, గా టెస్టు గదిల పనిజేసినదాన్ని నేను," అన్నాను. "పెండ్లికి తయారైనట్టు ముస్తాబు జేసిన మిషన్లను మస్తు జూసిన. పాసయ్యేది గవి. ఇండ్లల్లకు పొయ్యేది వేరేవి. గా పని మా షెడ్డుల జెయ్య."

సేటు నవ్వాడు. నాతో కాదు, అన్నతో. "మీ చెల్లె మంచిగ సదువుకున్నది," అన్నాడు. అది మెచ్చుకోలు కాదని షెడ్డులోని రేకులకు కూడా తెలుసు.

టెస్టుకు ఏ మిషను తీసుకుపోవాలన్నది నేనే తేల్చుకున్నాను. కొత్తది ముట్టుకోలేదు. ఎదురింటికి పోయాను. అక్కడుండే అక్క మాకు చుట్టం కాదు గానీ చుట్టాల కంటే ఎక్కువ. అన్న అమ్మిన మొదటి గిర్నీల్లో ఒకటి ఆమెది. దాని మూత అంచుల్లో పసుపు పేరుకుపోయి గట్టుకంటే పచ్చగా ఉంది. అప్పటిదాకా వాడుకోమని ఆమెకు షెడ్డు నుంచి ఒక కొత్తది ఇచ్చి, పాతది గోనెసంచిలో చుట్టి తెచ్చుకున్నాను. అన్న బస్టాండ్ దాకా గొణుగుతూనే వచ్చాడు.

"ఇజ్జత్ దీస్తవా? తుడువనన్న తుడువలేదు."

"అక్క వంటింట్ల ఎట్లున్నదో గట్లనే పోవాలె," అన్నాను.

హైదరాబాద్ దాకా అన్న నాతో రావడం నాకు కావాలి. తన మిషను ఎట్లా మాట్లాడుతుందో తన కళ్లతో చూడాలి. ల్యాబులో నాతో పనిచేసిన ఇంజనీరు గోనెసంచి విప్పి, నా మొహం చూసి, మిషనును లోపలికి తీసుకుపోయాడు. ఆ గదికి చుట్టూ ఇనుప గోడలు. తలుపు మూస్తే ఫోనుకు సిగ్నల్ పోతుంది. బయటి లోకం నుంచి ఏ స్టేషనూ ఆ గదిలోకి రాదు. అవ్వ అక్కడ ఒక్క పూట కూడా బతకలేదనుకున్నాను. మిషను వైరుకు, గోడ కరెంటుకు మధ్య కొలిచే పెట్టె పెట్టి స్విచ్చి వేస్తే, బయట కంప్యూటరు తెరమీద ఆకుపచ్చ గీత పాకడం మొదలైంది. పైన ఒక ఎర్ర గీత ఉంటుంది. ఆకుపచ్చది దాన్ని దాటకూడదు. మాది మొదలు నుంచీ చివరి దాకా ఎర్ర గీత నెత్తిమీదే నడిచింది. శుభ్రంగా తుడిచిన నేలమీద అక్క పసుపు కాస్త రాలింది.

అన్న తెర దగ్గరికి వంగి ఎర్ర గీతమీద వేలు పెట్టాడు.

"గిదంత మన మిషన్దేనా?"

"అవ్వ రోజు ఇనేది గిదే అన్నా."

తిరుగు ప్రయాణంలో అన్న కామారెడ్డి దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఫెయిలయిన సంగతి సేటుకు చెబితే ఫోనులోనే నవ్వాడు. తన మాట వినివుంటే ఆ పాటికి సర్టిఫికెట్ గోడకు వేలాడుతుండేదన్నాడు. నవ్వుకోమన్నాను. ఫిల్టరు తయారుచేయడం మొదలుపెట్టాను. ఆ పనిలో నాకు సిగ్గులేని ఓపిక ఉంది. ఫిల్టరు లోపలికి రాగితీగ చుట్టలు చుట్టాను, విప్పాను, మళ్లీ చుట్టాను. వైరు లోపల ఎట్లా పోవాలో, డబ్బాను మిషను ఒంటికి ఎక్కడ బిగించాలో మార్చి మార్చి చూశాను. అన్న ముందు దూరంగా ఉన్నాడు, తర్వాత తన మోటారులో నేను చేతులు పెట్టడం చూడలేక తనే వచ్చి బ్రషులు సరిచేశాడు. రెండోసారి ల్యాబులో ఆకుపచ్చ గీత ఎర్ర గీత కింద బుద్ధిగా పాకుతుంటే, నేను అక్కడ అందరి ముందూ చప్పట్లు కొట్టాను. ఆ మిషను కూడా అక్కదే. సంచీ కూడా అదే.

ఇంటికొచ్చి అక్క గిర్ని అక్కకు తిరిగిచ్చి, వీధిలో ఉన్న మిగతా గిర్నీలన్నిటికీ డబ్బాలు పెట్టాం. డబ్బు అడగలేదు. అన్న ఈ ఒక్క విషయంలో నన్ను ఎదిరించలేదు. మర్నాడు పొద్దున గిర్నీలు మొదలయ్యాయి. నేను అవ్వ మంచం పక్కనే కూర్చున్నాను. రేడియోలో వార్తలు చదివే ఆమె గొంతు అట్లాగే ఉంది, అడుగున సన్నటి కీచు మాత్రం మిగిలింది. కింద ఆ మరాఠీ పాట కూడా అట్లాగే ఉంది. అవ్వ తల ఒక పక్కకు వంచి విన్నది.

"గిర్నీలు బందయినయా?"

"నడుస్తనే ఉన్నయ్."

అవ్వ నా చేయి వెతికి పట్టుకుంది. వార్తలు అయిపోయేదాకా వదల్లేదు. అప్పటికి ఇళ్ల మిద్దెల మీద ఉడకబెట్టిన పసుపు ఎండుతోంది. సాయంత్రానికి ఉత్తర జిల్లాల్లో జల్లులు పడొచ్చని రేడియోలో చెప్పగానే అవ్వ గుమ్మంలోకి వచ్చి వీధికంతటికీ వినిపించేలా అరిచింది, మిద్దెల మీద పట్టాలు కప్పుకోమని. కప్పినవాళ్ల పసుపు తడవలేదు. ఆ రోజు నుంచి వీధిలో ఆడవాళ్లు అవ్వను వాన గురించి అడగడం మొదలుపెట్టారు. చూపు పోయాక ఎవరూ ఏదీ అడగని మనిషి ఆమె.

నా సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. అక్క ఒక పొద్దున పరుగున వచ్చింది. వంటింటి నేల తడిచేసి, చెప్పుల్లేకుండా నిలబడి గిర్ని మూతమీద చేయి వేసిందట.

"జివ్వుమన్నది చెల్లె! కరెంటు గుంజుతున్నది. నీ డబ్బా ఏమన్న తప్పుగ పెట్టినవా?"

ఆ తర్వాత మూలమీది ఇంటి నుంచి అదే మాట. ఆ వెనకే ఇంకో ఇల్లు. పెద్ద షాకు కాదు, వేళ్ల కొసల్లో జివజివ. అయినా కరెంటు కరెంటే, భయపడకుండా ఎవరుంటారు? వీధి వైర్‌మన్ వచ్చి డబ్బా నుంచి ఇనుప ఒంటికి పోయే వైరును కత్తిరించాడు. జివజివ పోయింది. అన్ని ఇళ్లలోనూ కత్తిరించుకుంటూ పోయాడు. మరునాడు పొద్దున అవ్వ రేడియో మళ్లీ బర్ర్ మంది.

అన్న షెడ్డులో చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. "నీ టెస్టు పాసయ్యింది, మన ఆడోళ్లకు కరెంటు గొట్టింది. ఇగ డబ్బాలు పీకేద్దం చెల్లె. సర్టిఫికెట్ ఎట్లనో వచ్చింది గద."

వచ్చింది కదా. అంటే చివరికి సేటు చెప్పిందే చేస్తున్నాం. పాసయ్యే మిషను ఒకటి, ఇళ్లలో ఉండే మిషన్లు ఇంకొకటి. నేను అక్క వంటింటికి పోయాను. గిర్ని ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను. మూడు పిన్నులుండాల్సిన చోట రెండే ఉన్నాయి. మూడోది, లావుపాటిది, మొదటికి విరిచేసి ఉంది. ల్యాబులో తమ వైరుతోనే భూమికి కలిపారు, ఇళ్లలో డబ్బాలు బిగించేటప్పుడు ప్లగ్గు వైపు నేను చూడనేలేదు.

"గిదెవరు ఇరగ్గొట్టిండ్రక్కా?"

"మీ అన్ననే. కొన్ననాడే ఇరగ్గొట్టి ఇచ్చిండు. మా బోర్డుల పట్టదని."

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, మా ఊళ్ల అలవాటు తెలియనివాళ్ల కోసం. మా పాత ఇళ్లలో బోర్డులకు రెండు చిల్లులే ఉంటాయి. మూడు చిల్లులున్నా మూడోదాని వెనక వైరే ఉండదు. కాబట్టి మిషను కొనేవాళ్లకు దుకాణంవాళ్లు చేసే మర్యాద ఒకటుంది. కటింగ్ ప్లేరుతో మూడో పిన్నును టక్కున విరిచి, ఇగ మంచిగ పడ్తది అని చేతికిస్తారు. అన్న కూడా అందరికీ అట్లాగే ఇచ్చాడు, ప్రేమగా ఇచ్చాడు. ఆ మూడో పిన్నే భూమికి దారి. ఫిల్టరు భూమిలోకి పంపాల్సింది పోయే దారిలేక మిషను ఒంటిమీదే ఉండిపోయి, ఎవరు తాకితే వాళ్ల గుండా దిగుతోంది. నిజానికి ఆ దారి లేకపోవడం ముందు నుంచీ ప్రమాదమే. లోపల ఏ వైరో తెగి ఒంటికి తగిలితే జివజివతో ఆగేది కాదు, ప్రాణం పోయేది. ఇన్నేళ్లూ ఎవరికీ తెలియని ఆ సంగతిని నా డబ్బా బయటపెట్టింది. అందుకు దాన్నే పీకేయమంటున్నారు!

షెడ్డుకు తిరిగొచ్చి అన్నతో పోట్లాడాను. మామూలుగా కాదు, వీధంతా వినేలా. ఆయన కూడా గొంతెత్తాడు.

"ఇండ్లల్ల ఎర్తింగ్ లేకుంటె నేనేం జెయ్యాలె? ఇంటింటికి పొయ్యి గుంతలు తవ్వాల్నా?"

"తవ్వాలె," అన్నాను.

"పాగల్ లెక్క మాట్లాడకు!"

లోపల్నుంచి అవ్వ గోడ తడుముకుంటూ వచ్చింది. మా లొల్లి అంతా విన్నది. ఏం గుంత అని అడిగింది. చెప్పాను. ఇంటి పక్కన ఒక గుంత, అందులో ఒక పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు, మట్టి, అక్కడ్నుంచి వంటింటి బోర్డు దాకా ఒక వైరు. ఎండాకాలంలో గుంత ఎండితే భూమికి దారి మూసుకుపోతుంది, కాబట్టి కాసిన్ని నీళ్లు పోయాలి. అంతే.

"గంతేనా?" అంది అవ్వ. "గడ్డపార ఏడున్నది?"

అన్నకు తల్లి గొంతు తెలుసు. ఆయన షెడ్డులోకి పోయి తలుపు వేసుకున్నాడు. నేను గడ్డపార తీసుకుని మా ఇంటి పక్క సందులో మొదలుపెట్టాను. బోధన్ నల్లరేగడి పైన ఎండి బిగుసుకుంటుంది గానీ కాస్త దిగితే చల్లగా, తేమగా ఉంటుంది. గుంతకు అంతకంటే మంచి మట్టి లేదు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. పోయేవాళ్లు ఆగి చూశారు. "ఏందమ్మా, బోరేస్తున్నవా?" అని ఒకరు, "చెట్టు పెడ్తున్నవా?" అని ఇంకొకరు. కరెంటుకు గుంత తవ్వుతున్నానంటే నవ్వారు. నవ్వుకుంటే నవ్వుకోండి అని పైకే అన్నాను. ఇంత చదివి మట్టి తవ్వుకుంటున్నావా అని జాలిపడిన పెద్దాయన ఒకాయనకు మాత్రం తట్ట అందించాను. ఆయన కాసేపు మట్టి ఎత్తి, నడుం పట్టిందని వెళ్లిపోయాడు.

పైపు దించి, ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి, పచ్చ వైరు గోడవెంట వంటింటికి లాగి, మూడు చిల్లుల బోర్డు పెట్టాను. మా గిర్నీకి కొత్త ప్లగ్గు, మూడు పిన్నులతో. డబ్బా వైరు మళ్లీ కలిపాను. అక్కను పిలిచి, నేల తడిచేసి, చెప్పులు విడిచి మూతమీద చేయి పెట్టమన్నాను. ఆమె భయపడింది. ముందు నేను పెట్టాను. తర్వాత ఆమె ఒక్క వేలు, ఆ తర్వాత అరచేయి మొత్తం.

"ఏం లేదు గదే!" అంది. పక్కనే ఉన్న గడ్డపార భుజాన వేసుకుంది. "నడు మా ఇంటికి."

అక్క గుంత తవ్విన తీరు నేను మరిచిపోలేను. చెరుకు నరికిన చేతులవి, నా ఒక్క పూట పని ఆమెకు కాసేపటి ముచ్చట. ఆమె ఇంటి గుంత అయ్యాక మూలమీది ఇంటివాళ్లు తామే వచ్చి అడిగారు. వైరింగు పని నాది, మట్టి పని వాళ్లది. వీధి వైర్‌మన్ కూడా చేరాడు, తను కత్తిరించిన వైర్లను తనే అతికిస్తూ. ఒక్కో గుంతకూ అవ్వ రేడియోలో బర్ర్ తగ్గింది, చివరికి ఆ సన్నటి కీచు కూడా పోయింది. అన్న మాత్రం షెడ్డు నుంచి బయటికి రాలేదు. ఇంట్లో నాతో మాట్లాడలేదు. అన్నం తింటూ ఉప్పు అడగాల్సొస్తే అవ్వను అడిగేవాడు.

సేటు మొదటి మిషన్లు తీసుకుపోవడానికి వచ్చిన రోజున నేను షెడ్డులోనే వెనకవైపు ఫిల్టర్లకు తీగ చుట్టలు చుడుతున్నాను. సేటు ఒక గిర్ని ప్లగ్గు చూసి, అన్న బల్లమీదున్న కటింగ్ ప్లేరు తీసి ఆయనకే అందించాడు.

"గా మూడోది ఇరగ్గొట్టి పెట్టుండ్రి అన్నిటివి. నాందేడ్ల పాత ఇండ్లే ఎక్కువ. లోపటి డబ్బాలు గూడ తీసెయ్యుండ్రి, షాకొస్తున్నదని కొనేటోళ్లు వాపస్ ఇస్తే నాకు తలనొప్పి."

నేను చుట్ట పక్కన పెట్టి లేవబోయాను. అన్న ప్లేరు చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. తీసి బల్ల సొరుగులో వేసి సొరుగు మూశాడు.

"పిన్ను ఇరగ్గొట్ట సేటూ," అన్నాడు. "డబ్బా తియ్య. టెస్టుకు పోయింది గీ మిషనే, మీకిచ్చేది గీ మిషనే. కొనేటోళ్లకు గుంత ఎట్ల తవ్వాల్నో మా చెల్లె జెప్తది. తవ్వుకున్నంకనే ప్లగ్గు పెట్టుమనుండ్రి."

"నేను గిర్నీలు అమ్మాల్నా, గుంతలు అమ్మాల్నా?"

"రెండు అమ్ముండ్రి. లేకుంటె రెండు ఇడిసిపెట్టుండ్రి."

సేటు కోపంగా వెళ్లిపోయాడు. ఆ ఆర్డరు అప్పుడు పోయింది. తర్వాత అందులో కొంత వేరే దారిలో వచ్చింది గానీ, అది రాకపోయినా నేను ఈ కథ ఇట్లాగే చెప్పేదాన్ని. అన్న నా వైపు తిరిగి, "అట్ల జూస్తవేంది? పని జెయ్యి," అన్నాడు. చాలా రోజుల తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అది. నాకు ఏడుపొచ్చింది. తల వంచుకుని చుట్ట చుట్టాను.

ఇప్పుడు గిర్ని కొన్న ప్రతి ఇంటికీ మేమిద్దరం పోతాం. బోధన్ చుట్టుపక్కల చెరుకు ఊళ్లకైతే మోటారు సైకిలుమీద, వెనక కట్టిన గడ్డపారతో. పిన్ను విరిచి ఇమ్మని ఇంకా అడుగుతూనే ఉంటారు. సగంమంది గుంత మాట వింటే మిషను వద్దంటారు. వద్దంటే వద్దు, పక్క దుకాణంలో కొనుక్కోమంటాం. అన్నకు ఆ మాట అనడం ఇప్పుడు నాకంటే ఎక్కువ ఇష్టం.

అవ్వ గుంత సంగతి తనదిగా చేసుకుంది. పొద్దున లేవగానే గోడ తడుముకుంటూ సందులోకి పోయి ఒక చెంబు నీళ్లు పోస్తుంది. వేళ్లతో మట్టి తడిసిందో లేదో చూస్తుంది. తర్వాత మంచం దగ్గరికొచ్చి రేడియో పెడుతుంది. మొన్న వేసవిలో, ఎండలు ముదిరిన రోజుల్లో, నేను చాయ్ పోస్తుండగా రేడియోలో సన్నగా బర్ర్ మొదలైంది. పాత రొద అంత కాదు, గొంతు కింద కీచుమన్నట్టు. అవ్వ తల వంచి విన్నది. ముల్లు తిప్పలేదు. రేడియోను బోర్లించలేదు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, గుమ్మం పట్టుకుని వీధిలోకి దిగింది.

"ఎవలింట్ల గుంత ఎండిందే?" అని గొంతెత్తింది. "ఒక్క బిందె నీళ్లు పొయ్యుండ్రి! వార్తలొస్తున్నయ్!"

మూడు ఇళ్ల అవతల ఎవరో బిందె ఎత్తిన చప్పుడైంది.